లుప్తరూప విచారము: డోరేమాన్ కార్టూను యొక్క 1973వ సంవత్సరపు పాఠము

వ్యాకరణశాస్త్రము చదివినవారందఱును వ్యాడి పేరు నెఱుఁగుదురు. ఆయన రచించిన సంగ్రహమను మహాగ్రంథమును నేఁడు చూచినవారు లేరు. పతంజలి దానిని మహాభాష్యమునఁ బేర్కొనెను. భర్తృహరి కాలమునకే దాని పఠనపాఠనములు సన్నగిల్లెను. అయినను సంగ్రహము కట్టుకథ యని పండితలోకము పలుకలేదు. పాణిని తన సూత్రములలో స్మరించిన ఆపిశలి మొదలగు పూర్వాచార్యుల వ్యాకరణములలోఁ బెక్కింటి గతియు నిట్టిదే. కన్నులకుఁ గానరానిదెల్ల లేనిదని యెంచువాఁడు శాస్త్రచరిత్రలో నొక్క యడుగైనను ముందునకు సాగలేఁడు. చెవికి వినవచ్చినదెల్ల నున్నదని నమ్మువాఁడును సాగలేఁడు. ఈ రెండింటి నడుమఁ ద్రోవ యెద్ది యనునదే లుప్తగ్రంథ విచారమునకుఁ బ్రాణము వంటి ప్రశ్నము.

ఈ ప్రశ్నము తాటాకులకు మాత్రమే చెందినది కాదు. గడచిన యఱువదేండ్లలో టెలివిజన్‌లో ప్రసారమైన కార్టూనుచిత్రములలోఁ గొన్ని మాసిపోయినవి. కొన్ని యుండెనని వాడుక మాత్రము మిగిలినది. మఱికొన్ని యెన్నఁడును బుట్టకయే పుకారుగా బ్రదుకుచున్నవి. వీనిని వేఱుపఱచుటకుఁ బ్రాచీనులు చెప్పిన ప్రమాణవిచారము నేఁటికిని జాలును. దానికి జపానుదేశపు డోరేమాన్ కార్టూను చక్కని నిదర్శనము. ఏలయనఁగా, ఆ యొక్క కథను గూర్చియే రెండు పుకార్లు వ్యాపించినవి. అందొకటి సత్యము, వేఱొకటి యసత్యము.

విషయము

డోరేమాన్ మొదట చిత్రకథ. ఇరువదిరెండవ శతాబ్దమునుండి వచ్చిన పిల్లి రూపపు మరబొమ్మ యొకటి, చదువునను ఆటలందును వెనుకఁబడిన నోబితా యను బాలునకుఁ దోడై, తన పొట్టమీఁది సంచినుండి వింతపరికరములను దీసి యిచ్చుచు నతని నాదుకొనుట యందలి యితివృత్తము. దీనిని రచించినవాఁడు హిరోషి ఫుజిమోతో (1933–1996). ఆ కాలమున నాయనయు నాయన మిత్రుఁడును ఫుజికో ఫుజియో యను నుమ్మడి పేరుతోఁ బ్రకటించుచుండిరి. 1970 జనవరి సంచికలతో షోగాకుకాన్ సంస్థవారి బాలపత్రికలు ఆఱింటిలో నొక్కమాఱే యీ కథ ప్రారంభమైనది.

కార్టూనుగా దీనికిఁ గలిగిన విశేషప్రసిద్ధి 1979 ఏప్రిల్ 2వ తేదీన టీవీ అసాహివారు మొదలిడిన ప్రసారమువలన వచ్చినది. అందు డోరేమాన్ పాత్రకు నొబుయో ఓయామా యను నటి 2005వ సంవత్సరము వఱకు గొంతు నొసఁగెను. భారతదేశపు బాలురకుఁ బరిచితమైన డోరేమాన్ యీ పరంపరకును దాని తరువాతి పరంపరకును జెందినదే.

అయితే 1979కిఁ బూర్వమే మఱియొక డోరేమాన్ కార్టూను గలదనియు, అందు డోరేమాన్ పలుకు మగవాని గొంతుతో వినవచ్చెననియు, మాటలాడు బాతొకటి యందుండెననియు, ఆ రూపము తరువాత నెచ్చటను గానరాలేదనియు జపానులో నొక వాడుక పుట్టినది. ఓయామా గొంతుతోఁ బెరిగిన తరమువారి కిది వింతగాఁ దోఁచుట సహజము. చిన్ననాఁడు చూచితి నన్నవాని మాటను, చూడనివాఁడు భ్రమ యని త్రోసిపుచ్చుట సులభము. చూచినవాని చేత నిరూపించుటకు వస్తువు లేదు.

పిల్లల బొమ్మలను గూర్చిన యీ చర్చ యేల యని కొంద ఱడుగవచ్చును. ఒక సంస్థలోని చిత్రకారులును నటులును మాసముల తరబడి పడిన శ్రమ చరిత్రలో నుండెనా లేదా యనునది యిందొక యంశము. కన్నులార చూచినవానిని నీవు చూడలేదని లోకము పలుకునపుడు వానికి న్యాయము చేయుట యెట్లనునది రెండవ యంశము. ఈ రెండును గ్రంథపరిశోధకునకుఁ బరాయివి కావు.

ఐతిహ్యము

పౌరాణికులు ఐతిహ్యమను నొక ప్రమాణము నంగీకరింతురు. ఈ మఱ్ఱిచెట్టున యక్షుఁడున్నాఁడని పెద్దలు చెప్పుదురనుట దానికి శాస్త్రములందుఁ బ్రసిద్ధమైన యుదాహరణము. మొదటఁ జెప్పినవాఁ డెవఁడో తెలియదు. విన్నవారు మాత్రము వేలకొలఁది కలరు. నైయాయికులు దీనిని వేఱు ప్రమాణముగా నొప్పుకొనరు. మొదట పలికినవాఁ డాప్తుఁడైనచో నది శబ్దప్రమాణమున నంతర్భవించును. ఆప్తుఁడు కానిచో నది ప్రమాణమే కాదు. పుకారును బరీక్షించుట కిది మంచి గీటురాయి. విన్నవారి సంఖ్యను లెక్కించుట వ్యర్థము. మాట యెవ్వనినుండి బయలుదేఱెనో యచ్చటికిఁ బోవలెను.

అమెరికాలో డెక్స్‌టర్స్ లాబొరేటరీ యను కార్టూను విషయమున నిట్టి పరీక్షయే ఫలించినది. అందు బాలపాత్రలు బూతులాడు నొక కథ తయారై, టెలివిజన్‌లో ప్రసారము కాకయే దాఁచఁబడినదని వాడుక యుండెను. ఆ కార్టూను సృష్టికర్త యగు గెన్డీ టార్టకోవ్‌స్కీయే యది కలదని చెప్పెను. చేసినవాఁడే చెప్పినందున నది యాప్తవాక్యము. తుదకు 2013 జనవరిలో నా చిత్రము బహిరంగముగా వెలువడి, శబ్దము ప్రత్యక్షముగాఁ బరిణమించినది.

స్మృతి

డోరేమాన్ విషయమున మొదట మిగిలినది బాల్యస్మృతి. తార్కికులు స్మృతిని బ్రమాణఫలముగా నంగీకరింపరు. అనుభవము యథార్థమైనచోఁ దజ్జన్యమగు స్మృతియు యథార్థము; అనుభవమే లేనిచో స్మృతి యని తోఁచునది వట్టి కల్పనము. ఈ భేదము స్మరించువానికే తెలియదు. 2009లో క్రిస్ స్ట్రౌబ్ యను నమెరికా రచయిత క్యాండిల్ కోవ్ అను కల్పితకథను వ్రాసెను. చిన్ననాఁడు తాము చూచిన భయంకరమగు తోలుబొమ్మల వంటి టెలివిజన్ కార్యక్రమము నొకదానిని గొందఱు పెద్దలు తలఁచుకొనుట యందలి కథ. అట్టి కార్యక్రమము లోకమున నెన్నఁడును లేదు. అయినను గథను జదివి, యది నిజముగాఁ బ్రసారమైనదే యని భ్రమించినవారును గలరు. కావున నాకు జ్ఞాపకమున్నదను మాట పరిశోధనమునకు మొదలు కావచ్చును గాని తుది కానేరదు.

అట్లని స్మృతిని నిరసింపను రాదు. స్మృతిలోని వివరము లెచ్చటినుండి వచ్చియుండునో విమర్శింపవలెను. మాటలాడు బాతును గైకొందము. దాని పేరు గచాకో. అది ఫుజిమోతో చిత్రకథలో 1970 ప్రాంతమునఁ గొంతకాలము కనఁబడి పిమ్మట మఱుఁగుపడిన పాత్ర. బాలుఁడు దానిని బత్రికలోఁ జూచి టెలివిజన్‌లోఁ జూచినట్లు పొరపడియుండవచ్చునని పూర్వపక్షి యాక్షేపించును. ఆక్షేపణము బలమైనదే. కాని మగవాని గొంతు మాట యేమి? కాగితముమీఁది బొమ్మకు గొంతు లేదు. 1979 నాఁటి పాఠములో నది స్త్రీకంఠము. రెండింటినుండియు రాలేని వివరము మూఁడవదానినుండి వచ్చియుండవలెను. ధూమము వలన నగ్ని నూహించినట్లు, ఈ గొంతు వలన మూఁడవ పాఠము నూహింపవచ్చును.

సాక్ష్యములు

ఆ యూహను స్థిరపఱచు సాక్ష్యములు స్వతంత్రముగా దొరకుచున్నవి. కార్టూనును చూచినవాని మాటపై నాధారపడకయే యివి నిలుచును.

మొదటిది కాలనిర్దేశము. 1973 ఏప్రిల్ 1వ తేదీనుండి సెప్టెంబరు 30వ తేదీ వఱకు, ఆదివారమునాఁడు సాయంకాలము 7 గంటలకు, నిప్పొన్ టెలివిజన్‌వారి ద్వారా డోరేమాన్ కార్టూను ప్రసారమైనది. వారమునకు రెండేసి కథల చొప్పున 26 వారములలో 52 కథలు వెలువడినవి. 1979 పాఠమునకు నిది యాఱేండ్లు పెద్దది.

రెండవది కర్తృనిర్దేశము. దీనిని దయారు చేసిన సంస్థ నిప్పొన్ టెరెబి డోగా. టెరెబి యనఁగా టెలివిజన్. డోగా యనఁగా కదలు బొమ్మ. ప్రసారము చేసిన నిప్పొన్ టెలివిజన్‌వారికిని దీనికిని బేరులో సామ్యమున్నను, ఇవి వేఱువేఱు సంస్థలు. నామసామ్యముచేఁ గర్తలను గలగలిపిన దోషము కవిచరిత్రములందును దఱచుగాఁ గానవచ్చునదే.

మూఁడవది నటుల సాక్ష్యము. మొదటి 13 వారములు డోరేమాన్‌కు గొంతు నొసఁగినవాఁడు కోసెయ్ తోమితా యను పురుషుఁడు. తరువాతి 13 వారము లా పాత్రకు మసాకో నొజావా యను స్త్రీ గొంతు నిచ్చెను. ఒక్క పాఠమునందే మగగొంతును నాఁడుగొంతును గలిగినందున, చూచినవారి మాటలలోఁ బరస్పరవిరోధము పొడచూపినను నది యసత్యమునకు లక్షణము కాదు. మఱియు నాఁడు జియాన్ యను బాలుని పాత్రకు గొంతు నిచ్చిన కనెతా కిమొత్సుకి, 1979 పాఠములో సునియో పాత్రకు గొంతు నిచ్చెను. ఒక్కఁడే రెండు పాఠములను గలుపు సాక్షి యయ్యెను. బాతు పాత్రయు 1973 పాఠపు టుత్తరార్ధమునఁ గానవచ్చునదే. స్మృతి చెప్పిన రెండు వివరములును నిజములే యని దీనిచేఁ దేలినది.

నాల్గవది భౌతికావశేషము. ఆ కార్టూను ముఖగీతము నాఁడే నిప్పొన్ కొలంబియావారి రికార్డుగా వెలువడినది. ఫిల్ము చుట్టలలోఁ గొన్ని, ఫిల్మును గడిగి ప్రతులు తీయు నిమాజికా సంస్థయొద్ద మిగిలినవి. వానిలోఁ గొన్నింటికి బొమ్మ గలదుగాని శబ్దము లేదు. తయారీలోఁ బాల్గొన్నవారియొద్దను గొన్ని చుట్టలు నిలిచి, తరువాతి కాలమునఁ జిన్నచిన్న సభలలోఁ బ్రదర్శింపఁబడినవి. గ్రంథమంతయుఁ బోయి కొన్ని యాకులు మాత్రము మిగిలినట్లు, అందును గొన్నింట మూలముండి వ్యాఖ్య లేనట్లు, ఈ కార్టూను ఖండములుగా నిలిచినది.

లోపకారణము

ఉన్నవస్తువు కానరాకుండుటకుఁ గారణము చెప్పనిదే సిద్ధాంతము సంపూర్ణము కాదు. ఇచ్చటఁ గారణములు స్పష్టముగానే యున్నవి. 1973లోనే తయారుచేసిన సంస్థ మూఁతపడినది. స్వామి లేని యింటిలోని తాళపత్రములకుఁ బట్టిన గతియే యా సంస్థ ఫిల్ములకుఁ బట్టినది. ఇండ్లలోఁ బ్రసారములను బట్టియుంచు వీడియో యంత్రములు నాఁటికి సామాన్యజనుల కందుబాటులోనికి రాలేదు. కావునఁ జూచినవారిలో సామాన్యు లెవ్వరును దానిని దాఁచుకొనఁజాలరైరి. అదే గంటకు ఫూజీ టెలివిజన్‌లో మాజింగర్ జెడ్ అను జనప్రియమైన కార్టూను వచ్చుచుండుటచే దీనిని జూచినవారును దక్కువ. 1979లో తొయామా ప్రాంతమునఁ బాత కార్టూనును మరలఁ బ్రసారము చేయ మొదలిడి, నడుమనే నిలిపివేసిరి. క్రొత్త పాఠము వెలసి ప్రసిద్ధికి రాఁగా, పాతదానిని దలఁచుకొనువారే యరుదైరి.

కథాసరిత్సాగరము ప్రచారములోనికి వచ్చిన పిదప గుణాఢ్యుని బృహత్కథను వ్రాసికొనువారు లేకపోయిరి. క్రొత్తది వాడుకలోనికి రాఁగాఁ బాతదానికిఁ బ్రతులు పుట్టవు. ప్రతులు పుట్టనిది నశించును. తాటాకైనను ఫిల్మైనను నియమ మొక్కటియే.

రెండవ పుకారు

ఇఁక నసత్యమైన పుకారు సంగతి. 1980వ దశకమున జపానులో మఱియొక మాట వ్యాపించినది. డోరేమాన్ కథకుఁ దుది ఘట్టమొకటి కలదనియు, నోబితా తెలివిలేక మంచమునఁ బడియున్న రోగి యనియు, కథయంతయు నాతఁడు కన్న కల యనియు దాని సారము. దీనిని గ్రంథకర్తయే ఖండించెను. ఐతిహ్యమును మొదటి వక్తయొద్దకుఁ గొనిపోవలె నను నియమమున, ఇచ్చట మొదటి వక్త యెవ్వఁడును దొరకఁడు. దొరకిన యాప్తుఁడు కాదనుచున్నాఁడు.

1973 పాఠమును గొంతకాలము కానరాలేదు గదా, దానిని గలదని యొప్పి దీనిని లేదనుట పక్షపాతము కాదా యని యొకఁ డడుగవచ్చును. దీనికి సమాధానము భాట్టమీమాంసకులును నద్వైతులును జెప్పిన యోగ్యానుపలబ్ధిలో నున్నది. వెలుతురున నేలమీఁదఁ గడవ కానరానిచో నది లేదని నిశ్చయింపవచ్చును. చీఁకటిలోఁ గానరానిచో నట్లు నిశ్చయింపరాదు. ఉండినచోఁ గానవచ్చి తీరవలసిన చోటఁ గానరాకుండుటయే యభావమునకుఁ బ్రమాణము. వట్టి కానరామి ప్రమాణము కాదు.

1973 కార్టూను చీఁకటిలోని కడవ. సంస్థ మూఁతపడి, ఫిల్ములు చెదరిపోఁగా దొరకకపోవుటకుఁ దగిన కారణమున్నది. తుది ఘట్టము వెలుతురులోని కడవ. చిత్రకథ లక్షలమంది చేతులలోనికి వెళ్లిన పత్రికలలో నచ్చుపడినది. 1979 పాఠము తెగక నడచుచుండెను. 2009నుండి 2012వఱకు షోగాకుకాన్‌వారు ప్రకటించిన ఫుజిమోతో సమగ్రరచనలలో డోరేమాన్ కథలకే 20 సంపుటములు గలవు. పత్రికలనుండి యేఱి కూర్చిన కథలు 1,300కుఁ బైఁబడినవి. అంత వెలుతురునఁ గలకథ కానరాలేదు. కావున నది లేదు. ఫుజిమోతో 1996లోఁ దుది ఘట్టమును వ్రాయకయే మరణించెను.

అసత్యమైన పుకారునకును మూలముగా నొక చిన్న సత్య ముండుట కలదు. ఆ బాలపత్రికలు తరగతికొకటిగా వెలువడునవి. మార్చి నెలతో జపాను బాలుఁడు తన తరగతిని ముగించి పై తరగతికిఁ బోవును. నాల్గవ తరగతి పత్రికను జదివిన బాలునికి నైదవ తరగతి పత్రికలో నాఁడు డోరేమాన్ లేదు. అందుచే 1971, 1972 మార్చి సంచికలందు ఫుజిమోతో వీడ్కోలు కథలను వ్రాసెను. 1973 కార్టూను చివరి కథయు వీడ్కోలే. 1974 మార్చిలో మూఁడవ తరగతి పత్రికలో మఱియొక వీడ్కోలు కథ వచ్చి, మఱుసటి నెలలోనే నాల్గవ తరగతి పత్రికలో డోరేమాన్ తిరిగి వచ్చెను. వీడ్కోలును జదివి, తిరిగివచ్చుటను జదువని బాలునకుఁ గథ ముగిసినట్లే. ఇట్టి ముగింపు నెఱిఁగిన తరములలోఁ గల్పితమగు ముగింపు సులభముగా వేరూనినది. 2005లో నొక యభిమాని మఱియొక విధమైన తుది ఘట్టమును దానే చిత్రించి చిన్నపుస్తకముగా నమ్మఁగా, షోగాకుకాన్‌వా రాక్షేపింప, 2007లో నాతఁడు క్షమాపణ చెప్పుకొనవలసివచ్చెను. ప్రక్షిప్తము పుట్టిన తీరును, దాని సంవత్సరమును నింత స్పష్టముగా దొరకుట గ్రంథపరిశోధకుల కరుదు.

నిగమనము

ఒకే కథను గూర్చిన రెండు పుకార్లను బ్రక్కప్రక్కన నుంచి చూచినచో సారము తేటపడును. రెంటిని నమ్మినవారును బెక్కండ్రే. రెంటిని మనస్ఫూర్తిగానే చెప్పిరి. నమ్మకపు బలమును బట్టి యేది నిజమో తెలియరాదు. 1973 పాఠమునకు దినము, గంట, కర్త, నటులు, రికార్డు, ఫిల్ముముక్క యనునవి వేఱువేఱు చోట్ల దొరకి యొండొంటితో సరిపడినవి. కానరామికిఁ దగిన కారణమును దొరకినది. కలకథకు వీనిలో నొక్కటియు దొరకలేదు. దొరకకపోవుటకుఁ గారణమును లేదు.

కావున లుప్తరూపమును వెదకువాఁడు మొదట నడుగవలసినది, అది దొరకెనా యని కాదు; అది యుండినచో నెచ్చట జాడ విడిచియుండవలెనో యని. ఆ జాడలు గలచోట, వస్తువు లేకున్నను దాని యస్తిత్వ మంగీకార్యము. జాడలు తప్పక యుండవలసినచోట లేకున్నచో, ఎందఱు చెప్పినను దాని నభావమునఁ జేర్పవలెను. మగగొంతుతోఁ బలికిన డోరేమాన్‌ను జూచితి నన్న బాలుఁడు నిజమే చెప్పెను. వాని మాట నిలుచుటకు వాని పట్టుదల చాలలేదు. ఆదివారపు టేడుగంటల ప్రసారమును, నటుని పేరును, శబ్దము లేని కొన్ని ఫిల్ము చుట్టలును వానికి సాక్ష్యము పలుకవలసివచ్చెను.